ఖాళీ దిమ్మె మాట్లాడకూడదు: డీఎన్ఏ నానో నిర్మాణాలతో నా పీహెచ్‌డీ అనుభవం

పీహెచ్‌డీ పూర్తయి కొన్ని నెలలైంది. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. డీఎన్ఏని మడతపెట్టి ఆకారాలు చేస్తారు సరే, వాటితో రోగనిరోధక వ్యవస్థను ఎలా నడిపిస్తారు, అసలు రోజూ ల్యాబ్‌లో మీరు చేసే పనేంటి అని. థీసిస్‌లో రాసింది ఒక వరసలో ఉంటుంది, జరిగింది ఆ వరసలో జరగలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు కాస్త నేపథ్యం. డీఎన్ఏని జన్యు సమాచారంగా కాకుండా కట్టడానికి పనికొచ్చే సామాగ్రిగా చూడొచ్చని నాడ్రియన్ సీమన్ 1982లో ఒక పేపర్‌లో ప్రతిపాదించాడు. 2006లో పాల్ రాథెమండ్ ఎం13 అనే వైరస్ నుంచి తీసిన పొడవాటి ఒంటిపోగు డీఎన్ఏని రెండు వందలకు పైగా పొట్టి పోగులతో అక్కడక్కడా కుట్టి నవ్వుముఖాలు, నక్షత్రాలు చేసి చూపించాడు. ఆ పొడవాటి పోగును స్కాఫోల్డ్ అంటాం, పొట్టివాటిని స్టేపుల్స్ అంటాం. అన్నీ ఒకే ట్యూబ్‌లో కలిపి వేడిచేసి మెల్లగా చల్లారిస్తే ఏ పోగు ఎక్కడికి వెళ్లాలో దాని అక్షరాలే చెబుతాయి, ఎవరూ తోయక్కర్లేదు. మొదటిసారి దీని గురించి చదివినరోజు నాకు నిద్రపట్టలేదు, ఇప్పటికీ జెల్ (డీఎన్ఏని సైజును బట్టి విడదీసి చూపించే పలక) మీద శుభ్రమైన ఒక్క బ్యాండ్ కనిపిస్తే అదే సంతోషం.

ఇక ఇమ్యూనిటీ వైపు సంగతి. బ్యాక్టీరియా డీఎన్ఏలో సీ అనే అక్షరం పక్కన జీ వచ్చే చోట్లకు (వీటినే సీపీజీ అంటాం) మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు ఉండదు. మన డీఎన్ఏలో అలాంటి చోట్లే తక్కువ, ఉన్నవాటిలో ఎక్కువ భాగానికి ఆ గుర్తు ఉంటుంది. గుర్తు లేని సీపీజీ డీఎన్ఏ కణం లోపలికి, ఎండోజోమ్ అనే తిత్తిలోకి చేరితే అక్కడ కాపలా ఉన్న టీఎల్‌ఆర్9 అనే గ్రాహకం దాన్ని పట్టుకుని బ్యాక్టీరియానో వైరస్సో వచ్చిందన్న సంకేతం ఇస్తుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టింది 2000లో. దీన్ని వాడుకునే టీకా కూడా ఉంది, 2017లో అమెరికాలో అనుమతి పొందిన హెపటైటిస్-బి టీకా హెప్లిసావ్-బిలో ఉత్తేజకంగా ఉండేది సీపీజీ డీఎన్ఏనే. టీఎల్‌ఆర్9లు రెండు జతకడితేనే సంకేతం వెళుతుంది. మరి రెండు సీపీజీ ముక్కల మధ్య దూరాన్ని మనమే నిర్ణయిస్తే కణం స్పందన మారుతుందా? నా పీహెచ్‌డీ ప్రశ్న ఇదే. దూరాన్ని నానోమీటర్లలో నిర్ణయించడానికి డీఎన్ఏ నిర్మాణం కంటే మంచి సాధనం నాకు తెలిసినంతలో లేదు.

మొదటి ఏడాదిలో సగం కాలం ల్యాబ్ మూతపడి ఉంది. కాబట్టి డిజైన్ అంతా ఇంట్లోనే కంప్యూటర్ మీద, కాడ్‌నానో అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. 18 డీఎన్ఏ హెలిక్స్‌లు (మెలితిరిగిన జంటపోగులు) పక్కపక్కన కట్టిన దిమ్మె లాంటి ఆకారం, పొడవు సుమారు 130 నానోమీటర్లు. ఒక అంచున ఉన్న హెలిక్స్ మీద 8 సీపీజీలు వరసగా. డీఎన్ఏలో ఒక బేస్ జతకి (ఎదురెదురు అక్షరాల జతకి) 0.34 నానోమీటర్లు, పూర్తి మెలిక తిరగడానికి సుమారు 10.5 జతలు. సీపీజీ ఎప్పుడూ బయటి వైపే చూడాలంటే పూర్తి మెలికల లెక్కలోనే పెట్టాలి, లేకపోతే ఒకటి బయటికి, ఇంకొకటి దిమ్మె లోపలికి తిరిగి ఉంటుంది. ఒక మెలికకి దాదాపు 3.5 నానోమీటర్లు, రెండు మెలికలకి 21 జతలు, అంటే 7 నానోమీటర్లు, నాలుగింటికి 14. మూడు డిజైన్లు అలా తేలాయి. మూడింటిలోనూ సీపీజీల సంఖ్య ఒకటే, మారేది దూరం మాత్రమే. ఈ చిన్న లెక్క చేసిన రోజు ఇంత శుభ్రమైన ప్రశ్న అడగగలుగుతున్నానని చాలా గర్వంగా అనిపించింది.

ల్యాబ్ తెరిచాక మడతపెట్టడం మొదలు. దీనికి మెగ్నీషియం ఉప్పు కావాలి, ఎందుకంటే డీఎన్ఏ పోగులన్నిటికీ రుణావేశం ఉంటుంది, 18 హెలిక్స్‌లు పక్కపక్కన సర్దుకోవాలంటే ఆ వికర్షణను ఏదో ఒకటి తగ్గించాలి. మెగ్నీషియం తక్కువైతే మడత పడదు, ఎక్కువైతే దిమ్మెలు ఒకదానికొకటి అతుక్కుని జెల్ బావిలోనే ఉండిపోతాయి. రెండేసి మిల్లీమోలార్లు పెంచుకుంటూ ట్యూబులు పెట్టి, ఒక్కో రన్‌కి 40 గంటలకు పైగా చల్లారనిచ్చి, ఐస్‌లో పెట్టిన జెల్ మీద నడిపి చూడటం, వారాల తరబడి ఇదే పని. 7, 14 డిజైన్లు బాగానే వచ్చాయి. 3.5 మాత్రం రాలేదు. సీపీజీలను అంత దగ్గరగా పెట్టాలంటే ఆ హెలిక్స్ మీద స్టేపుల్స్‌ని మరీ పొట్టి ముక్కలుగా కోయాల్సి వచ్చింది, పొట్టి ముక్కలు గట్టిగా పట్టుకోవు. జెల్ మీద బ్యాండ్ బదులు పొడవాటి మసక గీత. మూడు సార్లు మార్చి చూసి పక్కన పెట్టేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో యురేనియం లవణంతో మరక వేసి చూసినప్పుడు బూడిదరంగు మీద చిన్న చిన్న కడ్డీలు, అన్నీ ఒకే పొడవు. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

అసలు కథ కణాల మీద వేశాక మొదలైంది.

నా దగ్గర రెండు రకాల పరీక్షలు ఉండేవి. ఒకటి, టీఎల్‌ఆర్9ని విడిగా పెట్టిన రిపోర్టర్ కణాలు, ఆ గ్రాహకం స్పందిస్తే ద్రావణం నీలంగా మారుతుంది. రెండోది, ఎలుక ఎముక మజ్జ నుంచి పెంచిన డెండ్రిటిక్ కణాలు. ఇవి నిజమైన ఇమ్యూన్ కణాలు, వాటిలో టీఎల్‌ఆర్9తో పాటు అన్ని కాపలా వ్యవస్థలూ ఉంటాయి. కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి, సీపీజీ లేని ఖాళీ దిమ్మె. రిపోర్టర్ కణాల్లో అంతా అనుకున్నట్టే వచ్చింది, సీపీజీ ఉన్నవి నీలం, ఖాళీది రంగులేదు. డెండ్రిటిక్ కణాల్లో మాత్రం ఖాళీ దిమ్మె కూడా సీపీజీ దిమ్మె విడుదల చేయించినంత ఐఎల్-6ని (ఇమ్యూన్ కణాలు వదిలే ఒక సంకేత ప్రోటీన్) విడుదల చేయిస్తోంది.

మొదట పొరపాటు అనుకుని మళ్లీ చేశాను. అదే ఫలితం. మూడోసారీ అదే. నేను భయపడాల్సింది పోయి సంబరపడ్డాను. ఎందుకంటే నా దగ్గర ఒక అందమైన వివరణ ఉంది. కణ ద్రవ్యంలోకి జంటపోగు డీఎన్ఏ వస్తే సీగ్యాస్ అనే ప్రోటీన్ పట్టుకుని స్టింగ్ అనే మరో ప్రోటీన్ ద్వారా సంకేతం పంపుతుంది, నా దిమ్మె ఎండోజోమ్ నుంచి బయటపడి ఆ దారిని తట్టి లేపుతోందనుకున్నాను. రిపోర్టర్ కణాల్లో ఖాళీ దిమ్మెకి స్పందన లేకపోవడం కూడా ఆ వివరణలో ఇమిడిపోయింది, అది టీఎల్‌ఆర్9ని మాత్రమే చూసే పరీక్ష కదా. దాదాపు ఎనిమిది నెలలు ఈ దారిలోనే నడిచాను. ఒక సదస్సులో పోస్టర్ వేశాను, రెండో పేపర్‌కి శీర్షిక కూడా రాసి పెట్టుకున్నాను.

ఒకరోజు గ్రూప్ మీటింగ్‌లో మా గైడ్ మేడమ్ గ్రాఫ్ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు. "ఖాళీ దిమ్మెని డీఎన్ఏజ్‌తో పూర్తిగా కోసేసి అప్పుడు కణాల మీద వేశావా?"

"లేదు మేడమ్."

"వేసి చూడు. మరిగించి కూడా వేసి చూడు."

వారం తర్వాత ఫలితం వచ్చింది. డీఎన్ఏ మొత్తం ముక్కలైపోయిందని జెల్ చూపిస్తోంది, అయినా కణాలు ఐఎల్-6 వదులుతున్నాయి, అంతే మోతాదులో. 95 డిగ్రీల దగ్గర మరిగిస్తే దిమ్మె విడిపోయింది, స్పందన మాత్రం తగ్గలేదు. డీఎన్ఏ లేకపోయినా వచ్చే స్పందన డీఎన్ఏది ఎలా అవుతుంది? ఆ సాయంత్రం ప్లేట్ రీడర్ ముందు కూర్చుని ఆ అంకెలు చూస్తూ ఉండిపోయాను. మూడో పరీక్షగా పాలీమిక్సిన్-బి కలిపాను, అది ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషాన్ని పట్టేసుకుంటుంది. స్పందన దాదాపు నేలకు దిగిపోయింది.

జరిగింది ఇది. స్కాఫోల్డ్‌ని బయట కొనకుండా మేమే పెంచుకునేవాళ్లం, ఎం13 వైరస్‌ని ఈ.కోలి బ్యాక్టీరియాలో పెంచి డీఎన్ఏ తీసుకోవడం. ఈ.కోలి పైపొరలో ఎండోటాక్సిన్, అంటే ఎల్‌పీఎస్ ఉంటుంది. అది డీఎన్ఏతో పాటు నా ట్యూబులోకి వచ్చింది. మామూలు శుద్ధిలో పోదు, మరిగిస్తే చావదు, జెల్ మీద కనిపించదు, మైక్రోస్కోప్‌లోనూ తెలియదు. డెండ్రిటిక్ కణాలు మాత్రం టీఎల్‌ఆర్4 అనే గ్రాహకంతో దాన్ని అతి కొద్ది మోతాదులో ఉన్నా పసిగడతాయి. నా రిపోర్టర్ కణాల్లో ఆ టీఎల్‌ఆర్4 లేదు. అవి మౌనంగా ఉండటానికి అసలు కారణం అదీ. ఆధారం మొదటి రోజు నుంచీ నా కళ్ల ముందే ఉంది, నేను దాన్ని నా వివరణకి సర్దుకున్నాను.

ఎనిమిది నెలల డేటా పక్కన పెట్టాల్సి వచ్చింది. రెండో పేపర్ ఆలోచన పోయింది. టెన్షన్‌తో రెండు మూడు వారాలు ల్యాబ్‌కి వెళ్లాలంటేనే కాళ్లు రాలేదు. మేడమ్ ఆ సమయంలో నన్ను ఒక్క మాట అనలేదు, "పోస్టర్‌లో వేసింది తప్పని ఆ సదస్సులో ఉన్నవాళ్లకి నువ్వే మెయిల్ పెట్టు" అన్నారు, అంతే. పెట్టాను. ముగ్గురు జవాబిచ్చారు, ఇద్దరు తమకూ ఇలాగే జరిగిందని రాశారు.

తర్వాత ఆరు నెలలు ఖాళీ దిమ్మెని మౌనంగా ఉంచడానికే పట్టాయి. ట్రైటన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్ ఉంది. చల్లగా ఉన్నప్పుడు నీళ్లలో కలిసిపోతుంది, 37 డిగ్రీలకు వేడిచేస్తే విడిపోయి అడుగున చేరుతుంది, చేరేటప్పుడు ఎండోటాక్సిన్‌ని తనతో లాక్కుపోతుంది. స్కాఫోల్డ్‌ని ఇలా మూడు నాలుగు సార్లు కడగాలి, ఆ తర్వాత మిగిలిన డిటర్జెంట్‌ని తీసేయాలి, ఎందుకంటే అది కణాలకు మంచిది కాదు. స్కాఫోల్డ్ శుభ్రమైనా మళ్లీ పాడైంది, కారణం వెతికితే అందరం కలిసి వాడే బఫర్ ద్రావణం సీసా. గాజు సామాన్లను ఆటోక్లేవ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ ఎండోటాక్సిన్ పోదు, 250 డిగ్రీల దగ్గర పొడిగా కాల్చాలి. నా బఫర్లు, నా సీసాలు, నా నీళ్లు వేరుచేసుకున్నాను. ప్రతి బ్యాచ్‌కీ ఎండోటాక్సిన్ పరీక్ష చేసి ట్యూబ్ మీద ఆ విలువ రాయడం మొదలుపెట్టాను. మొత్తానికి ఒక రోజు డెండ్రిటిక్ కణాల ప్లేట్‌లో ఖాళీ దిమ్మె గళ్లు ఉత్త బఫర్ గళ్లతో సమానంగా వచ్చాయి. పీహెచ్‌డీ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గ్రాఫ్ అదే, అందులో చూడటానికి ఏమీ ఉండదు.

ఇంకో మోసపు దారి కూడా ఉంది, అది త్వరగానే పట్టుకున్నాం. దిమ్మెకి అతుక్కోకుండా మిగిలిపోయిన విడి సీపీజీ పోగులు. వాటిని పూర్తిగా తీసేయకపోతే స్పందన దిమ్మెదా విడి పోగులదా తెలియదు, దూరం గురించి మాట్లాడే అర్హతే ఉండదు. పెగ్ అనే పాలిమర్‌తో దిమ్మెలను అవక్షేపించి, కడిగి, మళ్లీ కరిగించి, జెల్ కింది భాగంలో విడి పోగుల బ్యాండ్ కనిపించకుండా పోయేదాకా చేయాలి. ప్రతిసారీ కొంత సరుకు పోతుంది, ఒక ప్లేట్‌కి సరిపడా దిమ్మెల కోసం రెండు వారాలు పని చేసిన రోజులున్నాయి.

ఆ తర్వాత నిలకడ సమస్య. కణాలను పెంచే మాధ్యమంలో మెగ్నీషియం ఒక మిల్లీమోలార్ కూడా ఉండదు, పైగా సీరమ్‌లో డీఎన్ఏని కోసే ఎంజైములు ఉంటాయి. 18 హెలిక్స్‌ల దిమ్మె అక్కడ ఎంతసేపు ఉంటుందో చూడాలని 0, 1, 2, 4, 24 గంటలకి నమూనాలు తీసి జెల్ నడిపితే, 4 గంటలకే బ్యాండ్ పలచబడింది, 24కి ఏమీ లేదు. కణం మింగే లోపే నిర్మాణం విడిపోతే 7, 14 అన్న తేడాకి అర్థమే లేదు. దీనికి 2017లో వచ్చిన ఒక పద్ధతి కాపాడింది. లైసిన్ అనే అమైనో ఆమ్లం వరసగా ఉన్న చిన్న పెప్టైడ్‌లకు ధనావేశం ఉంటుంది కాబట్టి డీఎన్ఏ మీద పూతలా అంటుకుంటాయి. ఈ పెప్టైడ్ (ఆలిగోలైసిన్) ఒక్కదానితో డీఎన్ఏని కోసే డీఎన్ఏజ్-1 ఎంజైమ్ నుంచి పది రెట్ల వరకు రక్షణ వస్తుందని, దానికి పెగ్ తోక తగిలిస్తే సీరమ్‌లోని ఎంజైముల నుంచి వెయ్యి రెట్ల వరకు వస్తుందని ఆ పేపర్ చెప్పింది. పెగ్ లేకుండా పెప్టైడ్ మోతాదు పెంచితే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను, ట్యూబులో తెల్లటి మబ్బులా పేరుకుపోయింది. పెగ్ తోక ఉన్నదానితో 24 గంటల తర్వాత కూడా బ్యాండ్ నిలబడింది. ఇక్కడ కూడా ఖాళీ దిమ్మెకి పూత వేసి, పూత ఒక్కటే వేసి, అన్నీ విడివిడిగా కణాల మీద వేసి చూశాను. ఈసారి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇదంతా అయ్యి అసలు ప్రశ్న దగ్గరికి వస్తుండగా 2022లో వేరే బృందం పేపర్ వచ్చింది. డీఎన్ఏ నిర్మాణాల మీద సీపీజీల దూరం మార్చి, మాక్రోఫేజ్ కణాల్లో (సూక్ష్మజీవుల్ని మింగే ఇమ్యూన్ కణాలు) 7 నానోమీటర్ల దగ్గర టీఎల్‌ఆర్9 బాగా స్పందిస్తుందని. నా ప్రశ్నే, నా అంకే. పొద్దున్న ఫోన్‌లో చూసి మేడమ్‌కి లింక్ పంపాను, పక్కన ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. మధ్యాహ్నం ఆమె నా డెస్క్ దగ్గరికి వచ్చి, "వాళ్లు మాక్రోఫేజ్‌లలో చూశారు, నువ్వు డెండ్రిటిక్ కణాల్లో చూడు, అదీ పూతతో, 24 గంటలు. నీ కంట్రోల్స్ నీ దగ్గర ఉన్నాయి" అన్నారు. నిజమే, ఎండోటాక్సిన్ కోసం పోగొట్టుకున్న నెలలే అప్పుడు పనికొచ్చాయి. నా డేటాలో కూడా 7 డిజైన్ 14 కంటే ఎక్కువ స్పందన ఇచ్చింది. రిపోర్టర్ కణాల్లో తేడా స్పష్టం, డెండ్రిటిక్ కణాల్లో ఐఎల్-12 అనే మరో సంకేత ప్రోటీన్ విషయంలో నిలబడింది, ఐఎల్-6 విషయంలో ఒక బ్యాచ్ మజ్జలో కనిపించి ఇంకో బ్యాచ్‌లో కనిపించలేదు. అది అలాగే రాశాను.

ఎలుక కణాల ఫలితాన్ని మనుషులకి అన్వయించేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి, దీని గురించి థీసిస్‌లో ఒక అధ్యాయంలో సగం రాశాను. ఎలుకల్లో టీఎల్‌ఆర్9 మాక్రోఫేజ్‌లలో, రకరకాల డెండ్రిటిక్ కణాల్లో ఉంటుంది. మనుషుల్లో ముఖ్యంగా బి కణాల్లో, ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాల్లో ఉంటుంది. సీపీజీ చుట్టూ ఉండాల్సిన అక్షరాలు కూడా వేరు, ఎలుకకి జీఏసీజీటీటీ బాగా పనిచేస్తే మనిషికి జీటీసీజీటీటీ.

వైవాలో గంటన్నర కూర్చోబెట్టారు. అందులో అరగంట ఖాళీ దిమ్మె గ్రాఫ్ మీదే, ఎండోటాక్సిన్ ఎలా కొలిచారు, ఏ బ్యాచ్, డిటర్జెంట్ మిగల్లేదని ఎలా తెలుసు అని. ఆ ప్రశ్నలకి సంతోషంగా జవాబు చెప్పాను. చివర్లో ఒక పరీక్షకుడు 2024లో వచ్చిన పేపర్ తీశారు, డీఎన్ఏ నిర్మాణంతో చేసిన క్యాన్సర్ టీకాలో సీపీజీలను 3.5 నానోమీటర్ల దూరంలో పెట్టినప్పుడు టీహెచ్1 తరహా స్పందన (క్యాన్సర్ కణాలను చంపే టీ కణాలకు తోడ్పడేది) బాగా వచ్చిందని చెప్పిన పేపర్. "మీ డిజైన్లలో 3.5 ఉంది కదా, ఎందుకు వదిలేశారు?" అన్నారు. మడత పడలేదని జెల్ చూపించాను, మూడు సార్లు ప్రయత్నించి ఆపేశానని చెప్పాను. ఒకే హెలిక్స్ మీద కాకుండా పక్కపక్క హెలిక్స్‌ల చివర్ల మీద ఎందుకు పెట్టలేదని అడిగారు. ఆ ఆలోచన అప్పుడు రాలేదని ఒప్పుకున్నాను.

దిమ్మె చివరి ముఖం మీద హెలిక్స్‌లు అంత దగ్గరగానే ఉంటాయి, స్టేపుల్స్‌ని పొట్టిగా కోయాల్సిన పనే లేదు. పోయిన వారం కాడ్‌నానోలో పాత ఫైల్ తెరిచి ఆ ముఖం మీద 8 చోట్లు గుర్తుపెట్టాను. స్టేపుల్స్ ఆర్డర్ ఇంకా పెట్టలేదు, ముందు అదే ఆకారం ఖాళీ దిమ్మెకి కావాల్సినవి లెక్క వేస్తున్నాను.